క్షయ సమూహపు బ్యాక్టీరియాలను పీసీఆర్‌తో వేరుపరచడం ఎలా?

కల్చర్‌లో పెరిగినది క్షయ సమూహానికి చెందిన బ్యాక్టీరియా అని తేలినా ప్రయోగశాల పని పూర్తికాదు. అది మైకోబాక్టీరియం ట్యుబర్‌క్యులోసిసా, పశువుల నుంచి సోకే బోవిసా, లేక టీకాలో వాడే బీసీజీయా అన్నది వైద్యుడికి తెలియాలి. బోవిస్‌లోనూ, దాని నుంచి వచ్చిన బీసీజీలోనూ పీఎన్‌సీఏ జన్యువులో ఒక్క అక్షరం మారి ఉండటం వల్ల క్షయకు వాడే పైరజినమైడ్ మందు వాటిమీద సాధారణంగా పనిచేయదు.

చాలా బ్యాక్టీరియాలను గుర్తించడానికి ఆధారమయ్యే 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువు ఈ మూడింటిలోనూ ఒకేలా ఉంటుంది కనుక ఇక్కడ అక్కరకు రాదు. డీఎన్‌ఏలో ఎంచుకున్న భాగాన్ని అనేక ప్రతులుగా పెంచే పీసీఆర్‌తో, జన్యుపదార్థంలో ఏ ముక్కలు ఊడిపోయాయో చూడాలి. అందుకు ఆర్‌డీ9, ఆర్‌డీ4, ఆర్‌డీ1 అనే ప్రాంతాలు చాలు.

కల్చర్‌ను బయోసేఫ్టీ క్యాబినెట్‌లో తీసుకుని, వేడితో బ్యాక్టీరియాను పూర్తిగా చంపిన తరువాతే డీఎన్‌ఏను బయటకు తేవాలి.

అసలు మెలకువంతా ప్రైమర్ల (ఏ భాగాన్ని పెంచాలో పీసీఆర్‌కు గుర్తు చూపే చిన్న డీఎన్‌ఏ పోగులు) ఎంపికలో ఉంది. ముక్క లోపలి భాగానికి మాత్రమే ప్రైమర్లు పెడితే, జెల్‌పై బ్యాండు (పెరిగిన డీఎన్‌ఏ గీత) రానప్పుడు ఆ ముక్క నిజంగా లేదో, పీసీఆరే విఫలమైందో చెప్పలేము. అలాంటి ఫలితాన్ని నేనైతే నివేదికలో రాయను. అందుకే ముక్కకు రెండు వైపులా ఒక్కొక్కటి, లోపల ఒకటి, మొత్తం మూడు ప్రైమర్లు వాడాలి. ఉదాహరణకు ఆర్‌డీ4 పొడవు సుమారు 12,700 అక్షరాలు. అది ఉన్నప్పుడు బయటి ప్రైమర్లు రెండూ మరీ దూరంగా ఉండి కలవలేవు, లోపలి ప్రైమర్‌తో ఏర్పడే చిన్న బ్యాండే కనిపిస్తుంది. అది ఊడిపోతే బయటివి రెండూ దగ్గరై వేరే పొడవున్న బ్యాండును ఇస్తాయి. లేకపోవడం కూడా ఇలా కంటికి కనిపిస్తుంది.

జెల్‌ను ఆర్‌డీ9తో మొదలుపెట్టి చదవాలి. అది ఉంటే ట్యుబర్‌క్యులోసిస్‌గా భావించవచ్చు. ఇదే సమూహంలోని అరుదైన కానెట్టీలోనూ అది ఉంటుందని మాత్రం మరువకూడదు. ఆర్‌డీ9 లేకుండా ఆర్‌డీ4 మాత్రం ఉంటే ఆఫ్రికానమ్ వంటి ఇతర జాతులను అనుమానించి మరిన్ని పరీక్షలు చేయాలి. రెండూ లేకపోతే ఆర్‌డీ1ను చూడాలి: ఉంటే బోవిస్, లేకపోతే బీసీజీ.

ప్రతిసారీ హెచ్37ఆర్‌వీ (ట్యుబర్‌క్యులోసిస్ ప్రామాణిక రకం) డీఎన్‌ఏ, బీసీజీ డీఎన్‌ఏ, ఉత్త నీరు పక్కపక్కన నడపాలి. నీటి గడిలో బ్యాండు వస్తే ఆ రోజు ఫలితాలన్నీ పక్కన పెట్టవలసిందే. ఒకే నమూనాలో ముక్క ఉన్నట్టు, లేనట్టు రెండు బ్యాండ్లూ వస్తే కల్చర్ మిశ్రమమై ఉండవచ్చు కనుక, మళ్లీ పలకపై పరచి, విడివిడి కాలనీలను ఎంచి పరీక్షించాలి.