స్టీలు గిన్నె నుంచి గెలాక్సీ రాయి దాకా: ఎన్‌గ్రేవర్‌తో పేరు చెక్కడం ఎలా?

మన నెల్లూరులో పెళ్లికి ఇవ్వడానికి గిన్నె కొంటే, పేరు కొట్టించాకే చాలామంది ఇంటికి తెస్తారు. చిన్నబజారులో పాత్రల దుకాణానికి వెళ్తే జుయ్యిమనే పెన్నులాంటి మిషన్‌తో రెండు నిమిషాల్లో పేరు, తేదీ వేసి చేతిలో పెడతారు. ఆ మిషనే ఎలక్ట్రిక్ ఎన్‌గ్రేవర్. మా రొయ్యల గుంటల దగ్గర ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపే మిషన్) మోటార్ల మీద పేరు వేసుకోవాలని నేనూ ఒకటి కొన్నాను. తర్వాత ఇంట్లో గిన్నెలు, గాజు గ్లాసులు, రాళ్లు అన్నిటి మీదా వాడి చూశాను.

ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి కొట్టే రకం, రెండోది తిరిగే రకం. కొట్టేదాంట్లో కాయిల్ ఒక ఇనుప పలకను లాగి వదులుతూ ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మొన సెకనుకు 100 సార్లు, అంటే నిమిషానికి 6,000 సార్లు కొడుతుంది. పక్కనున్న డయల్ తిప్పితే వేగం మారదు, దెబ్బ లోతు మారుతుంది. దీని మొన కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థంతో చేసింది. స్టీలుకు, ఇనుముకు ఇదే మేలు. తిరిగేదానికి చిన్న డైమండ్ బిట్, అంటే వజ్రపు పొడి అంటించిన మొన పెడతారు. గాజుకు, నున్నటి రాయికి, చెక్కకు అది నప్పుతుంది.

ఏది వాడినా ముందు కళ్లద్దాలు, మాస్కు పెట్టుకోండి. మొన నుంచి ఎగిరే రజను కంటికి కనపడనంత సన్నగా ఉంటుంది.

స్టీలు గిన్నె

మొదటిసారి పాత గరిటె మీదో, పగిలిన ప్లేటు మీదో ఒక గంట సాధన చేయండి. గిన్నెను నూనె జిడ్డు లేకుండా కడిగి, పూర్తిగా తుడవండి. ఖాళీ గిన్నె గంటలా మోగుతుంది, మొన జారుతుంది. అందుకే లోపల పాత గుడ్డలు కుక్కి, సగం ఇసుక నింపిన గుడ్డ సంచి మీద కుదురుగా పెట్టండి. పర్మనెంట్ మార్కర్‌తో పేరు రాసుకోండి. డయల్ తక్కువలో పెట్టి, మిషన్‌ను పెన్నులాగే, కాస్త నిటారుగా పట్టుకోండి.

అందరూ చేసే తప్పు ఒత్తడం. ఒత్తితే గీత లోతుగా రాదు, వంకరగా వస్తుంది. కొట్టే పని మిషన్‌ది, నడిపించే పని మాత్రమే మనది. చెయ్యి వేగంగా పోతే గీత చుక్కలు చుక్కలుగా పడుతుంది, నిదానిస్తే నిండుగా వస్తుంది. లోతు కావాలంటే అదే గీత మీద రెండోసారి వెళ్లండి.

తెలుగు అక్షరాలతో ఇంకో సంగతి ఉంది. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఎక్కువగా నిలువు, అడ్డం గీతలే కాబట్టి సులువు. మన అక్షరాలన్నీ గుండ్రనివి, వంపు దగ్గరే మొన తప్పుతుంది. వంపు తిరిగేచోట చేతిని కాకుండా గిన్నెను తిప్పండి. సున్నాను ఒకే ఊపులో చుట్టకుండా రెండు అరచుట్లుగా వేయండి. ‘లక్ష్మి’ లాంటి పేరుకు కింద ఒత్తులకు చోటు వదలకపోతే రెండో వరుస వాటికి తగులుతుంది. అక్షరం ఎత్తు సెంటీమీటరుకు తగ్గనివ్వకండి, తగ్గితే తలకట్టూ గుడీ కలిసిపోతాయి. మొన్న మా చెల్లెలికి ఇచ్చిన బిందె మీద నేను అక్షరాలు చిన్నవి చేశాను. దాని పేరు ఇప్పుడు ఎవరూ చదవలేకపోతున్నారు. అది నాకు ఇప్పటికీ బాధే.

చెక్కాక గిన్నెను సబ్బుతో బాగా కడగండి. కళాయి పూసిన ఇత్తడి గిన్నె లోపల, నాన్‌స్టిక్ పూత మీద ఎప్పుడూ చెక్కకండి. ప్రెషర్ కుక్కర్ జోలికీ వద్దు. అల్యూమినియం మెత్తన, దానికి డయల్ అన్నిటికంటే తక్కువలో ఉండాలి.

గాజు, రాయి

గాజు గ్లాసుకు తిరిగే రకమే వాడండి. కాగితం మీద పేరు రాసి, గ్లాసు లోపల అతికిస్తే బయటినుంచి అచ్చు కనిపిస్తుంది, దాని మీదే గీయొచ్చు. టఫెన్డ్ గాజు, అంటే వేడిచేసి గట్టిపరచిన గాజు మీద మాత్రం వద్దు. చిన్న గాటుకే మొత్తం ముక్కలైపోవచ్చు.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ముక్క దొరికితే తప్పక ప్రయత్నించండి. నల్లటి పాలిష్ మీద గీత తెల్లగా తేలుతుంది, పక్కన బ్రాంజైట్ అనే ఖనిజం రేణువులు బంగారు రంగులో మెరుస్తుంటాయి. ఇంటి ముందు పెట్టుకునే పేరు పలకకు అంత అందం ఇంకే రాయికీ లేదని నా అభిప్రాయం. మార్కాపురం పలక రాయి ఇంకా మెత్తన, కొట్టే రకంతోనే సులభంగా చెక్కొచ్చు.

రాతిపొడితో మాత్రం చాలా జాగ్రత్త. అందులోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, అది నయమయ్యే జబ్బు కాదు. ఆరుబయట కూర్చుని, ఎన్95 మాస్కు పెట్టుకుని చెక్కండి. పొడిని ఊదకుండా తడిగుడ్డతో తుడవండి. పొడి లేవకుండా నీళ్లు చల్లాలనుకుంటే బ్యాటరీ మిషన్‌తోనే చేయండి. ప్లగ్గుకు పెట్టిన మిషన్ దగ్గర నీళ్లు ప్రాణానికే ముప్పు.

చెక్క, ప్లాస్టిక్

ఉదయగిరి చెక్క స్పూనుల మీద పేరు వేయాలంటే పిడి మీదే వేసి, కాస్త కొబ్బరినూనె పట్టించండి. ప్లాస్టిక్ వేడికి కరుగుతుంది కాబట్టి మొనను ఒకేచోట ఆపకూడదు. హెల్మెట్ మీద గీతలు పెట్టొద్దు, అక్కడే పగుళ్లు మొదలవుతాయి.

గుంట దగ్గర మోటారు

ముందు కరెంటు ఆపి, స్టార్టర్ ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి. నేమ్‌ప్లేటు మీద కాకుండా దాని పక్కన, మందంగా ఉన్న ఇనుము మీద చోటు చూసుకోండి. ఆ మేర పెయింటు గీకి, డయల్ పూర్తిగా పెంచి పేరు, ఫోన్ నంబరు చెక్కండి. దొంగతనం జరిగాక ఆ మోటారు మనదని చూపడానికి ఇది బాగా పనికొస్తుంది. మన తీరంలో ఉప్పుగాలికి గీకిన ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. అందుకే పొడి తుడిచిన వెంటనే రంగులేని నెయిల్ పాలిష్ రెండు పూతలు వేయండి. అది ఆరేదాకా ఆగి, అప్పుడు ఫ్యూజులు పెట్టండి.