గాలం వేసే ముందే తేల్చుకోండి: చంపుతారా, వదులుతారా

రెండేళ్ల కింద వానాకాలంలో ధర్మసాగర్ దిక్కున ఉన్న ఒక చెరువు నుంచి హన్మకొండకు బండి మీద వస్తున్నా. ముందు కొక్కేనికి ప్లాస్టిక్ కవర్, అందులో కిలోంబావు కొర్రమట్ట చేప. పట్టింది పొద్దున ఏడింటికి, ఇల్లు చేరేసరికి తొమ్మిది దాటింది. కవర్ సింకులో పెట్టి మంచినీళ్లు తాగుతుంటే మా పాప వచ్చి "డాడీ, ఇది ఊపిరి తీస్తుంది" అంది. వంగి చూశా. కవర్లో చుక్క నీళ్లు లేవు, ఒంటి మీది జిగురంతా ఎండి ప్లాస్టిక్‌కు అతుక్కుపోయింది, నోరు మాత్రం మెల్లగా తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. రవ్వో బొచ్చెనో అయితే దారిలోనే పోయేది, కొర్రమట్ట గాలి కూడా పీల్చుకుంటుంది కాబట్టి రెండు గంటలు అలా ఉండిపోయింది.

చేప తినడం తప్పని నేను అనను. మృగశిర కార్తె రోజు మా ఇంట్లో చేపల పులుసు ఉండాల్సిందే. కానీ ఆ రెండు గంటలకు నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అది తినడానికి ఏ మాత్రం అవసరం లేని బాధ. ఆ రోజు నుంచి నేను పాటిస్తున్నవి రాస్తున్నా, గాలం పట్టేవాళ్లకు పనికొస్తాయి.

మొదటిది ఇంట్లోనే జరగాలి. ఈ రోజు ఎన్ని చేపలు కావాలి, వండేది ఎందరికి? నలుగురికి కిలోన్నర చాలు అనుకుంటే, కిలోన్నర రాగానే గాలం చుట్టేయండి. "ఇంకొన్ని పట్టి ఫొటో దిగి వదిలేద్దాం" అనేది నాకు నచ్చదు, ఇదివరకు నేనూ చేశాను. చేపకు నొప్పి తెలియదని చిన్నప్పటి నుంచి వింటూ వచ్చాం, కానీ 2003లో బ్రిటన్‌లో లిన్ స్నెడన్ అనే పరిశోధకురాలి బృందం ట్రౌట్ చేపల పెదవుల్లోకి వెనిగర్‌లో ఉండే ఆమ్లం ఎక్కించి చూస్తే అవి పెదవులను తొట్టి అడుగున ఉన్న గులకరాళ్లకు రుద్దుకున్నాయి, మేత ముట్టడానికి చాలాసేపు పట్టింది. మనకు తెలిసే నొప్పి, దానికి తెలిసేది ఒకటేనా అని శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. తేలేదాకా చేప పక్షాన ఉండటంలో మనకు పోయేదేమీ లేదు. స్విట్జర్లాండ్‌లో అయితే వదిలేసే ఉద్దేశంతోనే చేపలు పట్టడం చట్టరీత్యా కుదరదు.

రెండోది, చెరువు ఎవరిది? మన ఊళ్లలో చాలా చెరువుల్లో మత్స్య సహకార సంఘం వాళ్లు చేపపిల్లలు పోసి పెంచుకుంటారు, ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాల ఏడాది కూడు అందులో ఉంటుంది. అడగకుండా గాలం వేసి, ఆ తర్వాత చంపాలా వదలాలా అని ధర్మం గురించి ఆలోచించడంలో అర్థం లేదు. అడిగితే చాలాసార్లు "ఒకటి రెండు పట్టుకో అన్నా" అనే అంటారు. పాకాల లాంటివి అభయారణ్యం పరిధిలో ఉన్నాయి, అక్కడ సరదాకు గాలం తీయకండి.

ఇక ఏ చేపను ఉంచాలి, దేన్ని వదలాలి అన్నది. చాలామంది "కడుపులో గుడ్లుంటే వదిలేయాలి" అని అన్ని చేపలకూ ఒకటే మాట చెబుతారు. రవ్వ, బొచ్చె, మృగాల చేపలు నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు, వాటికి వరద పారే వాగు కావాలి. అందుకే వీటికి సూదిమందు ఇచ్చి గుడ్లు పెట్టించే పద్ధతి వచ్చింది, 1957లో హీరాలాల్ చౌధురి ఒడిశాలో చేసి చూపించింది అదే, ఇప్పుడు మన చెరువుల్లో పోసే పిల్లలు దాదాపు అన్నీ అలా హేచరీల్లో పుట్టినవే. కాబట్టి వాగుతో సంబంధం లేని చెరువులో గుడ్ల రవ్వను వదిలినంత మాత్రాన చెరువులో రవ్వలు పెరగవు. తినేటట్టుంటే తినండి, తప్పు లేదు. వానల్లో మత్తడి దుంకేటప్పుడు, వాగులో ఎదురెక్కే చేపల సంగతి వేరు, అవి గుడ్లు పెట్టడానికే పోతున్నాయి. అక్కడ కాపుకాసి పట్టడం నేను మానేశాను. అరచేయంత రవ్వ పిల్లనైతే ఎక్కడైనా వదిలేయండి, మేత బాగుంటే ఏడాదిలో కిలో దగ్గరికి వస్తుంది, సంఘం వాళ్లకు పనికొస్తుంది.

కొర్రమట్ట మాత్రం మన చెరువులోనే పిల్లలు చేస్తుంది. తెలంగాణ రాష్ట్ర చేప అదే. వానాకాలంలో గట్టు పక్కన నాచు, తుంగ ఉన్న చోట నీళ్ల పైన ఎర్రటి పిల్లల గుంపు ఉడికే ఎసరులా బుడబుడమంటూ కదులుతుంది, దాని కిందే పెద్ద చేప కాపలా ఉంటుంది. గాలం తెలిసినవాళ్లందరికీ ఈ గుర్తు తెలుసు, ఆ గుంపు మీదుగా కప్పను లాగితే పెద్దది ఆకలి లేకున్నా పిల్లల కోసం ఎగబడి కరుస్తుంది. అలా పట్టొద్దని నా మనవి. పెద్దది పోతే మిగతా చేపలు ఆ పిల్లలను ఏరుకు తింటాయి, ఒక్క పులుసు కోసం వందల పిల్లలు పోతాయి. పొరపాటున పడితే అక్కడికక్కడే, అదే గుంపు దగ్గర వదలండి. అన్నట్టు, బతికున్న కప్పను ముల్లుకు గుచ్చడం కూడా మానండి, రబ్బరు కప్పలు దొరుకుతున్నాయి, వాటికీ పడతాయి.

వదలకూడనివి కూడా ఉన్నాయి. జిలేబీ (తిలాపియా చేప), ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్, అక్వేరియం అద్దాలు నాకే సక్కర్ చేప. ఇవి మన నీళ్లవి కావు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం దేశంలోనే నిషేధం, మిగతా చేపల పిల్లలను మింగేస్తుంది. గాలానికి పడితే జాలిపడి నీళ్లలో వేయకండి, వెంటనే చంపండి. జిలేబీ అయితే వేపుడుకు బాగుంటుంది.

చంపడం ఎలా? సంచిలో ఒక కట్టె పెట్టుకోండి, మూరెడు పొడవు, బరువైనది, నాది చింత కట్టె. చేప నీళ్లు దాటగానే తడి గుడ్డతో గట్టిగా పట్టుకుని నేల మీద అదిమి, కళ్లకు కొంచెం వెనక, తల పైభాగం మధ్యలో ఒక్క దెబ్బ. మెదడు ఉండేది అక్కడ. భయపడి మెల్లగా కొడితే దానికే నరకం, కొట్టేటప్పుడు గట్టిగా కొట్టాలి, అనుమానంగా ఉంటే వెంటనే ఇంకొకటి వేయాలి. కొర్రమట్టకు తల ఎముక మందం, దానికి రెండు పడతాయి. చచ్చిందో లేదో తోక చూసి చెప్పలేం, నరాలు కొట్టుకుంటూనే ఉంటాయి. కన్ను చూడండి. స్పృహలో ఉన్న చేపను పక్కకు వంచితే కనుగుడ్డు తిరిగి నిటారుగా ఉండాలని చూస్తుంది, స్పృహ పోయాక ఒంటితో పాటే కదులుతుంది. మొప్పల కదలిక కూడా ఆగాలి. అప్పుడు మొప్పల దగ్గర కత్తితో కోసి ఐదు నిమిషాలు బకెట్ నీళ్లలో రక్తం పోనివ్వండి, నీచు వాసన తగ్గుతుంది, ముక్క తెల్లగా వస్తుంది. ఆ తర్వాతే ఐస్. బతికున్నదాన్ని ఐస్ డబ్బాలో వేస్తే అది హాయిగా నిద్రపోదు, చాలాసేపు కొట్టుకుంటుంది. మా నాయనమ్మ కొర్రమట్ట జిగురు పోవడానికి బతికుండగానే ఉప్పు, బూడిద వేసి రుద్దేది, పాపం ఆమెకు అదే నేర్పారు. చంపాక రుద్దినా జిగురు అంతే పోతుంది, నేను ఎన్నోసార్లు చూశాను. పరకల్లాంటి చిన్నవాటిని తోక వైపు పట్టుకుని తలను బండకు ఒక్కసారి గట్టిగా కొడితే చాలు.

వదలాలనుకుంటే పని గాలం ముల్లుతో మొదలవుతుంది. కొసకు వెనక్కి తిరిగి ఉండే చిన్న మొనను కటింగ్ ప్లయర్‌తో నొక్కేయండి, చేపలు కొన్ని జారిపోతాయి కానీ ముల్లు క్షణంలో ఊడి వస్తుంది. చేతులు తడుపుకోకుండా ముట్టకండి, ఒంటి మీద జిగురు దాని రక్షణ, పొడి చేతికి ఊడొస్తుంది, తర్వాత పుండ్లు పడతాయి. మొప్పల్లో వేళ్లు పెట్టి ఎత్తొద్దు. వీలైతే మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, చేపను పైకి తీయకుండానే ముల్లు తీసేయండి. ఫొటో తప్పదంటే మీరు ఊపిరి బిగపట్టి తీయండి, మీకు ఊపిరాడకపోయేసరికి అది నీళ్లలో ఉండాలి. విసిరేయకండి, కడుపు కింద చెయ్యి పెట్టి నిటారుగా పట్టుకుంటే దానికది తోక ఆడించి పోతుంది. మే నెలలో మన ఎండకు చెరువు నీళ్లు వేడెక్కి ప్రాణవాయువు తగ్గుతుంది, అలసిన చేపను అందులో వదిలితే ఈదుతూ పోయినట్టే పోయి మధ్యాహ్నానికి తేలుతుంది. ఎండాకాలం పొద్దున ఎనిమిది దాటాక గాలం ఎత్తేయడమే మేలు.

ముల్లు గొంతు దాకా మింగేసినా, మొప్పల నుంచి రక్తం కారుతున్నా అది బతకడం కష్టం. చిన్నదైనా సరే కట్టె తీయండి, మీ లెక్కలో కలుపుకోండి. వదలాలని మనసులో అనుకున్నాం కదా అని చావబోయేదాన్ని నీళ్లలోకి తోస్తే చేతులకు రక్తం అంటదు, అంతే, దానికి ఒరిగేదేమీ లేదు.

గాలం పట్టకుండా మార్కెట్లో కొనేవాళ్లు కూడా ఒక పని చేయొచ్చు. మృగశిర రోజు రద్దీలో బతికున్న చేపకే పొలుసు తీసేస్తుంటారు. "అన్నా, ముందు తల మీద కొట్టి తర్వాత పొలుసు తియ్" అని అడగండి. నేను కొనే దగ్గర మొదటిసారి అడిగితే వింతగా చూశాడు, రెండోసారి నవ్వాడు, ఇప్పుడు నేను త్రాసు దగ్గర నిలబడగానే కత్తి పక్కన పెట్టి ముందు కట్టె అందుకుంటాడు.