సంఘ కాపరికి కోచింగ్ – 3వ పాఠం: మొదటి గంట

ఇక్కడ కోచింగ్ అంటే సంఘ కాపరికి (పాస్టర్‌కు) సలహాలివ్వడం కాదు, ప్రశ్నలడిగి తన దారి తానే వెతుక్కునేలా చేయడం. పోయిన పాఠంలోని నోట్‌బుక్ పని అయ్యాకే ఇది మొదలుపెట్టండి. ఆదివారం నుంచి శనివారం దాకా ఏ గంట ఎక్కడ గడిచిందో కాపరి స్వయంగా రాసుకున్న ఏడు పేజీలు ఎదురుగా ఉండాలి. అవి లేకుంటే సంభాషణ "దేవుని కృప, తీరికే లేదు" దగ్గరే ఆగిపోతుంది.

చర్చి ఆవరణలో కూర్చోకండి. ఎవరో ఒకరు ప్రార్థన చేయించుకోవడానికి వస్తూనే ఉంటారు. ఒకరిది తిరుపతి, ఇంకొకరిది చిత్తూరు అయితే పాకాల ఇద్దరికీ మధ్యలో ఉంటుంది. కోచ్‌గా ఉండేవారు ఆ సంఘ సభ్యులు కాకూడదు, కాపరి జీతం, బదిలీ చూసే కమిటీలోనూ ఉండకూడదు. బైబిల్లో నిర్గమకాండము 18వ అధ్యాయాన్ని ఈ కోణంలో మళ్లీ చదవండి. తన అల్లుడు మోషే ఒక్కడే జనానికి తీర్పు తీర్చడం యిత్రో కళ్లారా చూశాడు. 14వ వచనంలో ముందు ప్రశ్న అడిగాడు, సలహా 19లో గానీ రాలేదు. 27వ వచనానికల్లా తన దేశానికి వెళ్లిపోయాడు. అల్లుడి దగ్గర అతను ఆశించింది ఏమీ లేదు కాబట్టే ఆ సలహా నేరుగా ఇవ్వగలిగాడు.

గంటను ఇలా పంచుకోండి: ప్రార్థనకు, హద్దులు చెప్పడానికి 5 నిమిషాలు, ఏం కావాలో తేల్చడానికి 10, ఇప్పుడున్న పరిస్థితికి 20, దారులు వెతకడానికి 15, నిర్ణయానికి 10. ప్రార్థన తర్వాతి నాలుగూ, కోచింగ్ రచయిత జాన్ విట్‌మోర్ 1990లలో ప్రచారంలోకి తెచ్చిన 'గ్రో' వరుస (లక్ష్యం, వాస్తవం, దారులు, నిర్ణయం).

హద్దులు మొదటే చెప్పాలి. ఇక్కడి మాట బయటికి పోదు. కానీ పిల్లలపై లైంగిక నేరం సంగతి తెలిస్తే దాచడం కుదరదు, 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే. కాపరికే చనిపోవాలనిపిస్తుంటే అది కోచింగ్‌తో తీరేది కాదు. వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయించాలి. ఇవన్నీ తర్వాత చెబితే నమ్మకద్రోహంలా అనిపిస్తుంది.

ఇక అసలు పని. ముందు కాపరి మాట్లాడతారు, కోచ్ అడుగుతారు ('వాక్యం' అంటే ఆదివారం ప్రసంగం).

"వాక్యం సిద్ధపడేదానికి టైమ్ చాలడం లేదన్నా."

"నోట్‌బుక్‌లో దానికి ఎంత రాసినారు అయ్యగారూ?"

"శనివారం రాత్రి పది నుంచి పన్నెండు."

"మిగతా సాయంత్రాలు?"

"గృహ ప్రార్థనలు. వారానికి ఐదు."

"ఐదింటిలో మీరే ఉండి తీరాల్సినవి ఏవి?"

ఈ ప్రశ్న వేశాక కోచ్ నోరు తెరవకూడదు. మనసులో ఇరవై దాకా లెక్కపెట్టండి. కొత్తవాళ్లు ఆ నిశ్శబ్దం భరించలేక "సంఘ పెద్దలకు అప్పజెప్పొచ్చు కదా" అనేస్తారు. గంట పాడయ్యేది అక్కడే. కాపరి "అవునన్నా" అని తలూపి, ఇంటికి పోయి ఐదూ తానే నడుపుతారు. ఓపిక పడితే ఆయనే అంటారు: "ఒకటేన్నా, మంచం పట్టిన అవ్వ ఇల్లు. మిగతావాటికి నేను పోకుంటే ఏమనుకుంటారో అని..."

సమయం చాలదన్న మాట వెనక ఉన్న భయం ఇప్పుడు బయటపడింది. ప్రసంగ వేదిక మీద ఈ మాట అనలేరు, పెద్దల మీటింగులో అనలేరు, ఇంట్లో పాస్టరమ్మ మీద ఈ బరువు పెట్టలేరు. నాయకుడికి కోచింగ్ వల్ల కలిగే మేలు ముఖ్యంగా ఇది: తన కారణం తన నోటితోనే తనకు వినిపించడం.

చివరి పది నిమిషాల్లో ఒక్క నిర్ణయమే రాయించండి. మూడు రాయిస్తే ఏదీ నిలవదు. "ప్రార్థన చేసి చూస్తా" అంటే ప్రార్థన చేయమనండి, తేదీ కూడా అడగండి. "సోమవారంలోగా పెద్దాయనతో మాట్లాడతా. గురువారం ప్రార్థన ఆయన నడుపుతారు. ఆ సాయంత్రం 6 నుంచి 8 దాకా వాక్యానికి" అని కాపరి చేతిరాతతోనే ఉండాలి.

సంభాషణ ఎవరో పెద్ద మీద ఫిర్యాదుగా మారిపోతే "ఇందులో మీ చేతిలో ఉన్నదేది?" అని అడిగి వెనక్కి తీసుకురండి.

అభ్యాసం: ముగ్గురు కూర్చోండి. 20 నిమిషాలు ఒకరు కోచ్, ఒకరు కాపరి. మూడోవారు గడియారం పట్టుకుని కోచ్ ఎంతసేపు మాట్లాడారో రాయాలి. 5 నిమిషాలు దాటితే మళ్లీ మొదటి నుంచి చేయండి. నిర్ణయం అమలు చేయకుండానే కాపరి రెండో సమావేశానికి వస్తే ఏం అడగాలో 4వ పాఠంలో.