టైల్స్ కింద హీటింగ్ మ్యాట్: చేతిలో మల్టీమీటర్ ఉండాల్సిందే

బ్రిటన్ ఇళ్లలో బాత్రూమ్ నేలకు సాధారణంగా చదరపు మీటరుకు 150 వాట్ల మ్యాట్ (జాలీకి అతికించిన హీటింగ్ కేబుల్) వేస్తారు. టబ్బు, బిగించిన కప్‌బోర్డుల కింద పరచొద్దు. వేడి బయటికి పోక కేబుల్ మాడుతుంది. కాంక్రీటు నేలైతే ముందు 10 మి.మీ. ఇన్సులేషన్ బోర్డు అతికించండి.

మూల తిప్పేచోట జాలీనే కత్తిరించాలి, కేబుల్‌ను ఎప్పుడూ కాదు. నేల వేడిని కొలిచే సెన్సర్‌ను రెండు కేబుల్ వరసల నడుమ గొట్టంలో పెడితే, పాడైనప్పుడు టైలు పగలగొట్టకుండా లాగి మార్చుకోవచ్చు.

230 వోల్టుల మీద పనిచేసే 600 వాట్ల మ్యాట్ మల్టీమీటర్‌లో దాదాపు 88 ఓముల నిరోధం చూపాలి. పరిచే ముందు, పరిచాక, టైల్స్ వేశాక కొలిచి రాసుకోండి. అడెసివ్ పూసేటప్పుడు ఇనప తాపీ అంచు తగిలితే కేబుల్ దెబ్బతింటుంది, అందుకే ప్లాస్టిక్ తాపీ మేలు. సాగే గుణమున్న అడెసివే వాడండి. తొందరపడి ఆన్ చేస్తే అది పగుళ్లిస్తుంది, కనీసం వారం ఆరనివ్వండి. 30 మిల్లీఆంపుల ఆర్‌సీడీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపే స్విచ్), వైరింగ్ మాత్రం ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.