ఓడ ఆగిన ఒక్క రోజులో బార్సిలోనా చూడటం ఎలా?

మధ్యధరా సముద్రంలో తిరిగే క్రూయిజ్‌లలో చాలావాటికి బార్సిలోనా ఒక మజిలీ. అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లు సెలవుల్లో అమ్మానాన్నలను వెంటబెట్టుకుని ఈ ఓడలు ఎక్కడం ఇప్పుడు మామూలే. ఓడ పొద్దున్నే రేవుకు చేరుతుంది, సాయంత్రానికి బయల్దేరుతుంది. మధ్యలో మీ చేతిలో ఉండేది ఏడెనిమిది గంటలు. ఊళ్లో చూడాల్సినవి మాత్రం వారానికి సరిపడా ఉన్నాయి. అందుకే చాలామంది అన్నీ చూసేద్దామని పరుగులు పెట్టి, ఏదీ తృప్తిగా చూడకుండానే అలసిపోయి ఓడెక్కుతారు. ఒక గొప్ప కట్టడం, ఒక పాత పేట, తీరిగ్గా ఒక భోజనం. ఈ మూడింటికే రోజును కేటాయించుకోండి. ముఖ్యంగా పెద్దవాళ్లు, పిల్లలు వెంట ఉంటే ఇంతకు మించి పెట్టుకోవద్దు.

ఇంటి దగ్గరే చేసుకోవాల్సిన పనులు

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు షెంగెన్ వీసా, అంటే ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా కావాలి. గ్రీన్ కార్డు ఉన్నా, హెచ్-1బి మీద ఉన్నా ఇదే నియమం. ఓడ మధ్యలో టర్కీ, ట్యునీషియా, మాంటెనెగ్రో లాంటి షెంగెన్ బయటి దేశానికి వెళ్లి మళ్లీ స్పెయిన్‌కో ఇటలీకో వచ్చేటట్టయితే సింగిల్ ఎంట్రీ వీసా సరిపోదు, మల్టిపుల్ ఎంట్రీ ఉండాలి. క్రూయిజ్ బుక్ చేసేముందే ఓడ ఏయే దేశాల్లో ఆగుతుందో వరసగా రాసుకుని చూడండి. వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. వేసవి సీజన్‌కు అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం కాబట్టి ఆలస్యం చేయకండి.

తర్వాతి పని, ఊళ్లోకెల్లా పేరున్న చర్చి సాగ్రదా ఫమీలియా టికెట్లు. అక్కడికి వెళ్లి క్యూలో నిలబడి కొనుక్కుందాం అనుకుంటే కుదరదు. వాళ్ల అధికారిక వెబ్‌సైట్‌లో తేదీ, టైము ఎంచుకుని ముందే కొనాలి. సీజన్‌లో చాలా రోజుల ముందే అయిపోతాయి. ఓడ ఉదయం 8 గంటలకు రేవుకు వస్తుందంటే 10:30 స్లాట్ తీసుకోండి. 9 గంటల స్లాట్ చూసి ఆశపడొద్దు. ఓడ దిగే క్యూ ఎంతసేపు ఉంటుందో ఎవరూ చెప్పలేరు. ఇంకో విషయం, ఆదివారం ఉదయం అక్కడ ప్రార్థనలు జరుగుతాయి కాబట్టి సందర్శకులను కాస్త ఆలస్యంగా లోపలికి పంపుతారు. లా రాంబ్లా అనే పెద్ద వీధి పక్కనున్న బొకేరియా మార్కెట్‌కు కూడా ఆదివారం సెలవు.

ఓడ దిగేముందు

మొట్టమొదట రాసుకోవాల్సింది ఓడలోకి తిరిగి రావాల్సిన ఆఖరి టైము. ఓడవాళ్లు ఇచ్చే రోజువారీ కాగితంలోనో యాప్‌లోనో ‘ఆల్ అబోర్డ్’ అని ఉంటుంది. ఓడ కదిలే టైము వేరు, ఇది వేరు. మామూలుగా అరగంట ముందే ఉంటుంది. ఆ టైము నుంచి వెనక్కి లెక్క వేసుకోండి. ఆల్ అబోర్డ్ 4:30 అయితే 3 గంటలకల్లా మీరు పోర్టు బస్సు ఆగే కొలంబస్ స్తంభం దగ్గర ఉండాలి. అంటే భోజనం 2:30కి ముగియాలి, సాగ్రదా ఫమీలియా నుంచి 12:30కి బయటపడాలి. ఈ లెక్క ముందు రోజు రాత్రే కుటుంబమంతా కూర్చుని వేసుకుంటే ఊళ్లో వాదనలు ఉండవు, టెన్షన్ ఉండదు.

ఓడ గడియారం, ఊరి గడియారం ఒకటేనా అని కూడా చూసుకోండి. కొన్ని ఓడలు తమ టైమును స్థానిక టైముకు మార్చవు. ఫోన్ మాత్రం ఒడ్డు నెట్‌వర్క్ అందగానే తనంతట తానే మారిపోతుంది. చేతికి మామూలు వాచీ ఒకటి పెట్టుకుని దాన్ని ఓడ టైములోనే ఉంచడం ఉత్తమం.

ఓడలో ఉన్నంతసేపూ ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనే ఉంచండి. నడిసముద్రంలో ఫోన్లు ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్క్‌ను పట్టుకుంటాయి. దాని చార్జీలు మామూలు రోమింగ్ ప్యాక్‌లో ఉండవు, బిల్లు చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. ఊరి మ్యాప్‌ను ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

వెంట తీసుకెళ్లాల్సినవి: ఓడ కార్డు, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఒకటి, పాస్‌పోర్టు, వీసా పేజీల జిరాక్సులు, ఒకే బ్యాంకు కార్డు, కొద్దిగా యూరోలు, ఖాళీ నీళ్ల సీసా, ఇయర్‌ఫోన్లు. ఒరిజినల్ పాస్‌పోర్టు తప్పనిసరి అని ఓడవాళ్లు చెబితే తప్ప దాన్ని కేబిన్ సేఫ్‌లోనే ఉంచండి. అక్కడ కుళాయి నీళ్లు తాగొచ్చు, సీసా నింపుకోవచ్చు.

రేవు నుంచి ఊళ్లోకి

పెద్ద ఓడలు ఎక్కువగా మోల్ అదొస్సాత్ అనే పొడవాటి గట్టు దగ్గర ఆగుతాయి. అక్కడి నుంచి ఊరు కనిపిస్తుంది కానీ నడిచి చేరాలంటే అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. దారిలో నీడ లేదు. టెర్మినల్ బయట ఉండే పోర్టు బస్సు ఎక్కితే కొలంబస్ స్తంభం దగ్గర దింపుతుంది. కొన్ని యూరోలతో రానూపోనూ టికెట్ వస్తుంది. పెద్దవాళ్లు ఉంటే, లేదా నలుగురు కలిసి వెళ్తుంటే, నలుపు పసుపు రంగుల ట్యాక్సీ మేలు. క్రూయిజ్ టెర్మినల్ దగ్గర ఎక్కితే మీటరు మీద అదనపు చార్జీ వేస్తారు. అది నిబంధన ప్రకారమే, డ్రైవరుతో గొడవపడకండి.

కొలంబస్ స్తంభం నుంచి లా రాంబ్లా మొదట్లోకి నాలుగడుగులు వేస్తే ద్రసానెస్ మెట్రో స్టేషన్ వస్తుంది. ఇక్కడే చాలామంది తడబడతారు. సాగ్రదా ఫమీలియాకు వెళ్లాలంటే ఆకుపచ్చ లైన్, అంటే ఎల్3 నుంచి ఊదా రంగు లైన్ ఎల్2కి మారాలి. మ్యాప్ చూస్తే పసేజ్ ద గ్రాసియాలో మారమని అనిపిస్తుంది. అక్కడ రెండు లైన్ల మధ్య సొరంగంలో చాలా దూరం నడవాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు నరకం. దాని బదులు ద్రసానెస్‌లో సోనా ఉనివర్సితారియా వైపు వెళ్లే రైలెక్కి, తర్వాతి స్టేషన్ పరలెల్‌లోనే దిగండి. ఎల్2 లైన్ మొదలయ్యేదే అక్కడ కాబట్టి కూర్చోవడానికి సీట్లు దొరుకుతాయి. అక్కడి నుంచి ఆరో స్టేషనే సాగ్రదా ఫమీలియా.

టికెట్లలో తికమక ఒకటుంది. తి-కాజువల్ అనే పది ప్రయాణాల కార్డు ఒక్కరికే చెల్లుతుంది, కుటుంబమంతా దాన్ని పంచుకోవడం కుదరదు. తి-ఫమీలియార్ అనే ఎనిమిది ప్రయాణాల కార్డును మాత్రం అందరూ కలిసి వాడుకోవచ్చు. నలుగురికి రానూపోనూ సరిగ్గా సరిపోతుంది.

సాగ్రదా ఫమీలియాలో

1882లో పని మొదలై, మరుసటి ఏడాది నుంచి ఆంటొనీ గౌడీ అనే వాస్తుశిల్పి చేతిలోకి వచ్చిన చర్చి ఇది. 1926లో ట్రామ్ ఢీకొని ఆయన చనిపోయారు. సమాధి అక్కడే, నేలమాళిగలో ఉంది. పోప్ దీన్ని ప్రార్థనలకు ప్రతిష్ఠించింది 2010లో. భుజాలు కప్పి ఉండే బట్టలు వేసుకోండి, మరీ పొట్టి నిక్కర్లతో రానివ్వరు.

లోపలికి అడుగుపెట్టగానే అందరూ తల పైకెత్తి స్తంభాలు చూస్తారు. చెట్ల కొమ్మల్లా పైకి చీలి కప్పును మోస్తుంటాయి, చూడాల్సిందే. కానీ పొద్దున వెళ్లినవాళ్లు ముందు వెనక్కి తిరగాలి. మీరు లోపలికి వచ్చిన తూర్పు తలుపు వైపు కిటికీల అద్దాలు నీలం, ఆకుపచ్చ. ఉదయపు ఎండ వాటిలోంచి పడి రాతి స్తంభాల మీద, నేల మీద, ఎదుటివాళ్ల మొహాల మీద అదే రంగు పాకుతూ ఉంటుంది. పడమటి వైపు అద్దాలు నారింజ, ఎరుపు, వాటి వంతు మధ్యాహ్నం తర్వాత వస్తుంది. ఒక పక్కన కూర్చోండి. ఫోన్ జేబులో పెట్టి కాసేపు ఆ వెలుగు కదలడం చూడండి. టికెట్‌తో పాటు వచ్చే ఆడియో గైడ్‌ను ఫోన్‌లోనే వినొచ్చు, ఇయర్‌ఫోన్లు అందుకే.

పార్క్ గ్వెల్ కూడా గౌడీదే, అదీ చూసేద్దాం అనిపిస్తుంది. అది కొండ మీద ఉంది, దానికీ టైము టికెట్ కావాలి. ఒక్కరోజు మజిలీలో దాన్ని వదిలేయడమే మంచిది.

జేబులు జాగ్రత్త

బార్సిలోనాలో దెబ్బలాటల భయం తక్కువ, జేబుదొంగల బెడద ఎక్కువ. లా రాంబ్లా, మెట్రో, బొకేరియా, సాగ్రదా ఫమీలియా చుట్టుపక్కల వీళ్లు తిరుగుతుంటారు. మెట్రో తలుపులు మూసుకునే క్షణంలో నెట్టుకుంటూ వచ్చి కొట్టేసి దిగిపోతారు. చొక్కా మీద ఏదో పడిందని తుడవడానికి వచ్చేవాళ్లు, సంతకం పెట్టమని అట్ట చూపించేవాళ్లు కూడా ఈ బాపతే. అలా ఎవరైనా దగ్గరికొస్తే ఆగకుండా నడవండి. బ్యాగు ముందు వైపు వేసుకోండి. హోటల్ బల్ల మీద ఫోన్ పెట్టి తినకండి. మెడలో బంగారం ఓడలోనే ఉంచి రమ్మని అమ్మకు ముందే నచ్చజెప్పండి.

పాత పేట, భోజనం

సాగ్రదా ఫమీలియా నుంచి వచ్చిన దారినే ద్రసానెస్‌కు తిరిగొస్తే, లా రాంబ్లాకు ఒక పక్కన గోతిక్ పేట ఉంటుంది. లా రాంబ్లా ఒకసారి నడిస్తే చాలు, అసలు అందమంతా ఈ సందుల్లోనే ఉంది. సాన్ ఫెలిప్ నెరి అనే చిన్న చౌకు తప్పక వెతుక్కుని వెళ్లండి. అక్కడి చర్చి గోడ నిండా గుంటలుంటాయి. 1938లో అంతర్యుద్ధంలో పడిన బాంబుల ఆనవాళ్లవి. ఆ దాడిలో చనిపోయినవాళ్లలో ఎక్కువమంది పిల్లలు.

ఈ సందుల్లో జనం కాపురం ఉంటున్నారు. పర్యాటకుల తాకిడి వల్ల అద్దెలు పెరిగి ఊరివాళ్లే ఊళ్లో ఉండలేని పరిస్థితి వచ్చిందని 2024 జులైలో నిరసన చేశారు, పర్యాటకుల మీద నీళ్ల తుపాకులతో చల్లారు కూడా. వాళ్ల బాధలో న్యాయం ఉంది. పదిమంది గుంపుగా వెళ్తే సందుకు అడ్డంగా నిలబడకండి. గుమ్మాల ముందు కూర్చోకండి.

శాకాహారులు ఒక్క మాటతో సరిపెట్టుకోకూడదు. ‘మాంసం వద్దు’ అంటే హ్యామ్ (పంది మాంసం) ముక్కలు గానీ ట్యూనా చేప గానీ వేసి ఇచ్చే అవకాశం ఉంది. ‘సిన్ కార్నే, సిన్ పెస్కాదో, సిన్ హమోన్’ (మాంసం, చేప, హ్యామ్ లేకుండా) అని మూడూ స్పానిష్‌లో చెప్పండి. గుడ్డు తినకపోతే ‘సిన్ వేవో’ కూడా కలపండి. బంగాళాదుంపల తోర్తియాలో గుడ్డు ఉంటుంది. సాధారణంగా శాకాహారులు తినదగినవి రెండు: టమాటా, ఆలివ్ నూనె రాసిన రొట్టె ‘పా అంబ్ తుమాకెట్’, నిప్పుల మీద కాల్చిన వంకాయ, క్యాప్సికంల ‘ఎస్కలివాద’. కాల్చిన వంకాయ పచ్చడి ఇష్టమైనవాళ్లకు రెండోది తప్పకుండా నచ్చుతుంది, కారం మాత్రం ఆశించకండి. అన్నం లేకపోతే నాన్నగారికి కుదరదు అనుకుంటే లా రాంబ్లాకు అవతలి వైపు రవాల్ పేటలో భారతీయ, పాకిస్తానీ హోటళ్లు చాలా ఉన్నాయి. స్థానికులు భోజనానికి ఒకటిన్నర తర్వాతే వస్తారు, ఒంటిగంటకే వెళ్తే మీకు బల్ల త్వరగా దొరుకుతుంది.

తిరిగి ఓడకు

మధ్యాహ్నం మూడు దాటాక పోర్టు బస్సు దగ్గర క్యూ బాగా పెరుగుతుంది, అన్ని ఓడలవాళ్లూ ఒకేసారి వస్తారు. దానికి తోడు టెర్మినల్ దారిలో పోర్తా దెవ్‌రోపా అనే వంతెన ఉంది. కింద నుంచి పడవలు వెళ్లేటప్పుడు దాన్ని ఎత్తేస్తారు, అంతసేపూ బస్సులూ ట్యాక్సీలూ ఆగాల్సిందే. చివరి గంటన్నరను ఖాళీగా ఉంచమన్నది ఇందుకే. కొనాల్సినవేవో మిగిలిపోయాయని మళ్లీ వెనక్కి వెళ్లకండి.

ఓడవాళ్లు అమ్మే టూర్ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా తిరిగేవాళ్ల కోసం ఆగదు. ఒకవేళ ఓడ తప్పిపోతే వెంటనే రేవులో ఓడ కంపెనీ తరఫున పనిచేసే పోర్టు ఏజెంట్‌కు ఫోన్ చేయండి. ఆ నంబరు రోజువారీ కాగితంలోనే ఉంటుంది. సాధారణంగా ఓడవాళ్లు కేబిన్ సేఫ్‌లోని పాస్‌పోర్టు తీసి ఏజెంట్‌కు ఇచ్చి వెళ్తారు. తర్వాతి రేవుకు మీ ఖర్చుతో మీరే చేరుకోవాలి. పోలీసు, అంబులెన్స్ దేనికైనా 112. ఈ రెండు నంబర్లనూ ఫోన్‌లో మాత్రమే కాకుండా చీటీ మీద కూడా రాసి, ఇంటిల్లిపాదికీ ఒక్కో కాపీ ఇచ్చి పంపండి.