హెడ్‌ఫోన్‌లో వెనక శబ్దం వెనకే వినిపించేలా చేసిన తీరు

విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ (శబ్దాన్ని మార్చే ప్రోగ్రామ్), దాని మీద హెసువి (చుట్టూ స్పీకర్లున్నట్టు హెడ్‌ఫోన్‌లో వినిపించే ఫిల్టర్) పెట్టినా 5.1 సినిమాలో, అంటే వెనక స్పీకర్లకు విడి చానెళ్లున్న సినిమాలో, వెనక శబ్దాలు తలలోపలే వినిపించాయి. హెడ్‌ఫోన్‌కు రెండే చానెళ్లు కాబట్టి విండోస్ అన్నిటినీ ముందే స్టీరియోగా కలిపేస్తుంది. వెనక చానెల్ అందకపోతే ఎంత మంచి ఫిల్టరైనా చేయగలిగేదేమీ లేదు.

అందుకే వీబీ కేబుల్ అనే వర్చువల్ డివైస్ (సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఉత్తుత్తి సౌండ్ కార్డు) వేసి, సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో కేబుల్ ఇన్‌పుట్‌ను డిఫాల్ట్ చేసి, కాన్ఫిగర్‌లో 7.1 (ఎనిమిది చానెళ్లు) ఎంచుకున్నాను. ఏపీఓను హెడ్‌ఫోన్‌కు తీసేసి కేబుల్ ఇన్‌పుట్‌కే పెట్టి రీస్టార్ట్ చేశాను. తర్వాత అదే ప్యానెల్‌లోని రికార్డింగ్ ట్యాబ్‌లో కేబుల్ ఔట్‌పుట్ ప్రాపర్టీస్ తెరిచి, లిజన్ ట్యాబ్‌లో టిక్ పెట్టి, కింద హెడ్‌ఫోన్‌ను పేరుతో ఎంచుకోవాలి. అక్కడ డిఫాల్ట్ డివైస్ అని వదిలేస్తే శబ్దం మళ్లీ కేబుల్‌లోకే తిరుగుతుంది. చాలామందికి పని చెడేది ఇక్కడే. కేబుల్ రెండు కొసలకూ, హెడ్‌ఫోన్‌కూ శాంపిల్ రేటు ఒకటే, 48000 హెర్ట్జ్, ఉంచండి.

విండోస్ సోనిక్ (విండోస్‌లోనే ఉండే ఇలాంటి ఫిల్టర్), గేమ్‌లోని హెడ్‌ఫోన్ మోడ్ రెండూ ఆపాలి. రెండుసార్లు ఫిల్టరైతే మాటలు డబ్బాలోంచి వచ్చినట్టుంటాయి. గేమ్‌లో 7.1 స్పీకర్లు ఎంచుకోండి.

గట్టి శబ్దాలు పగిలితే ప్రీయాంప్ (శబ్దం మొత్తం స్థాయి) −6 డెసిబెల్ చేయండి. లిజన్ దారిలో కాస్త ఆలస్యం తప్పదు. పెదాలకూ మాటకూ పొంతన తప్పితే వీఎల్‌సీ ప్లేయర్‌లో జే (J) కీ నొక్కండి, ఒక్కో నొక్కుకు శబ్దం 50 మిల్లీసెకన్లు ముందుకొస్తుంది.