వారంటీ అయ్యాక గేర్‌బాక్స్ పోతే: సమస్య - పరిష్కారం

మాది ఆటోమేటిక్ కారు. వారంటీ అయిపోయిన మూడు వారాలకే ట్రాఫిక్ మధ్యలో గేరు పడటం మానేసింది. ఎస్టిమేట్ లక్షా నలభై వేలు. చివరికి పార్టు ఖర్చు కంపెనీ పెట్టుకుంది, లేబర్ మేం కట్టాం.

సమస్య: "వారంటీ అయిపోయింది సార్, మా చేతుల్లో లేదు"

కారణం: ఆ మాట చెప్పే సర్వీస్ అడ్వైజర్ చేతిలో నిజంగానే ఏమీ ఉండదు. గడువు దాటాక కంపెనీ తన ఇష్టంతో భరించేదాన్ని గుడ్‌విల్ అంటారు. దాన్ని ఓకే చేయాల్సింది డీలర్ కాదు, కంపెనీ తరఫు సర్వీస్ మేనేజర్.

పరిష్కారం: పాత జాబ్ కార్డులన్నీ, అంటే సర్వీసుకి ఇచ్చినప్పుడు మన ఫిర్యాదులు రాసుకునే కాగితాలన్నీ, బయటికి తీయండి. మమ్మల్ని ఆదుకున్నది వాటిలో ఒక్క లైను. ఏడాది కిందట సర్వీసుకి ఇచ్చినప్పుడు "ఫస్ట్ గేర్‌లో జర్క్" అని రాయించాం. చూసి, నార్మల్ అని పంపేశారు. అంటే లోపం వారంటీలో ఉండగానే మొదలైంది, అప్పుడు పట్టించుకోనిది వాళ్లు. ఈ మాటే కస్టమర్ కేర్‌కి ఈమెయిల్‌లో రాయండి. ఛాసిస్ నంబరు, కిలోమీటర్లు, జాబ్ కార్డు ఫొటో పెట్టి, ఎంత భరించాలో మీరే అడగండి. మా బావగారు ఇలాంటి లోపమే మూడుసార్లు నోటితో చెప్పారు, ఒక్కసారీ రాయించలేదు. మొత్తం బిల్లు ఆయనే కట్టారు.

జవాబు రాకుండా రిపేరుకి సంతకం పెట్టకండి. తప్పనిసరై సొంత డబ్బుతో చేయించుకుంటే పాత పార్టు అడిగి తెచ్చుకోండి, రేపు సాక్ష్యం అదే.

సమస్య: సర్వీసులు బయట చేయించారు

గుడ్‌విల్ అడిగేటప్పుడు ఇది బలహీనతే. బయటి బిల్లులు, ఆయిల్ గ్రేడుతో సహా ఉంటే చూపించండి. అవీ లేకపోతే పెద్దగా ఆశ పెట్టుకోకండి.

సమస్య: ఒకే మోడల్‌లో చాలామందికి అదే లోపం

కారణం తయారీలోనే ఉండొచ్చు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబరు కొట్టి రీకాల్, అంటే లోపమున్న బళ్లను కంపెనీయే వెనక్కి పిలిచి బాగుచేయడం, ఉందేమో చూడండి. రీకాల్ పని ఉచితం, వారంటీతో సంబంధం లేదు. 2021లో మారుతి సుజుకీ 1,81,754 పెట్రోల్ కార్లను మోటర్ జనరేటర్ యూనిట్ అనే భాగంలో లోపం ఉందేమో చూడటానికి వెనక్కి పిలిచింది. వాటిలో 2018 మే నాటి బళ్లు, అంటే అప్పటికే మూడేళ్లు దాటినవి కూడా ఉన్నాయి.

సమస్య: వరద నీళ్లలో ఇంజన్ ఆగింది

ఇది వారంటీ సంగతే కాదు, ఇన్సూరెన్స్‌ది. మామూలు పాలసీ చాలదు, ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్, అంటే పాలసీకి విడిగా జోడించుకునే ఇంజన్ కవర్, ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినట్టు ఎప్పుడైనా నీళ్లొస్తే, మునిగిన కారుని స్టార్ట్ మాత్రం చేయకండి. నీళ్లు సిలిండర్‌లోకి లాగితే ఇంజన్ లోపలి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, క్లెయిమూ చిక్కుల్లో పడుతుంది.

సమస్య: ఈమెయిళ్లకు జవాబే లేదు

ముందు 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేయండి. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉండే ఊరి పరిధిలోనే కేసు వేయొచ్చు, రెండేళ్లలోపు వేయాలి. ఫీజు చూసి భయపడక్కర్లేదు: కారు ధర 5 లక్షల వరకు ఏమీ లేదు, 10 లక్షల వరకు 200 రూపాయలు, 20 లక్షల వరకు 400.